బోదకాలుతో బతుకు: గోదావరి డెల్టాలో ఒక దీర్ఘవ్యాధి, దాని దైనందిన అనుభవం

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)

భీమవరంలో 1895 జనవరి 12న జన్మించి, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదువుకుని, 1923లో అమెరికా చేరి, 1948 ఆగస్టులో అక్కడే కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినగానే జీవరసాయన శాస్త్రజ్ఞులకు కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.లపై ఆయన చేసిన పరిశోధన గుర్తుకు వస్తుంది. వైద్యులకు ఫోలిక్ ఆమ్లం గుర్తుకు వస్తుంది. ఆయన పుట్టిన గోదావరి జిల్లాల సామాన్య కుటుంబాలకు మాత్రం ఆయన మేధాఫలం ఒక చిన్న మాత్రగా అందింది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందం 1947లో లోకానికి వెల్లడించిన డైఇథైల్ కార్బమజీన్ అనే మందు, ఆరోగ్యశాఖ వారి నోట డి.ఇ.సి. అనీ, పాతతరం రోగుల నోట హెట్రజాన్ అనీ పలికే మందు, బోదకాలుకు కారణమైన క్రిమిని రక్తంలో నుంచి తొలగించడానికి నేటికీ ప్రపంచంలోని చాలా ప్రాంతాలలో ప్రధానాధారంగా ఉంది.

సుబ్బారావుకు దీర్ఘవ్యాధి పుస్తకాల ద్వారా మాత్రమే పరిచయమైనది కాదు. తిన్న ఆహారంలోని సారాన్ని పేగు గ్రహించలేక మనిషి క్రమంగా క్షీణించే స్ప్రూ అనే జబ్బు, ఆయుర్వేదం గ్రహణిగా వర్ణించిన వ్యాధికి దగ్గరైనది, స్వల్ప వ్యవధిలో ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. ఆయననూ పీడించి విడిచింది. అనపర్తికి చెందిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి అండ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేసిన ఆర్థిక సహాయం ఆయన విదేశీ విద్యకు ఊతమయ్యాయి. అంటే ఈ డెల్టా రోగాన్నీ చూపింది, ఆ రోగంతో పోరాడగలిగిన మనిషినీ పెంచి పంపింది.

అటువంటి వ్యక్తి స్మృతికి అంకితమైన ఉపన్యాసానికి బోదకాలుతో జీవించేవారి దైనందిన అనుభవం కంటె తగిన విషయం మరొకటి ఉండదు. ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం ఒక్కటే. రక్తంలో క్రిమి లేకుండా చేయడం ఒక పని, అప్పటికే కాలు పాడైన మనిషి బతుకును నిలబెట్టడం వేరొక పని. మొదటి దానికి మందు, లెక్క, గడువు ఏర్పడ్డాయి గాని రెండవది ఇప్పటికీ ఎక్కువగా ఇంటివారి ఓపిక మీదనే సాగుతున్నది. ఈ రెండవ పనిని కూడా సమాజం, చట్టం, ఆరోగ్యశాఖ తమ పనిగా స్వీకరించినప్పుడే సుబ్బారావు ప్రారంభించిన కృషి పూర్తయినట్లవుతుంది.

నీరు, దోమ, క్రిమి

శ్లీపదం అనే పేరుతో ఈ వ్యాధిని వర్ణించిన సుశ్రుత సంహిత, పాత నీరు నిలిచి ఉండి అన్ని ఋతువులలోనూ చల్లగా ఉండే ప్రదేశాలలో ఇది ఎక్కువగా కనిపిస్తుందని గుర్తించింది. ఆ పరిశీలన వెనుక ఉన్న జీవకారణం పంతొమ్మిదవ శతాబ్దంలో తేలింది. 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ మనిషి రక్తంలో సూక్ష్మక్రిములను చూశాడు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ ఆ క్రిమి దోమ శరీరంలో పెరుగుతుందని కనుగొన్నాడు. ఒక రోగాన్ని కీటకం మోస్తుందని శాస్త్రం మొదట గ్రహించిన సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

గోదావరి జిల్లాలలో కనిపించే బోదకాలుకు కారణం వూకరేరియా బాంక్రాఫ్టీ అనే దారపు పోగు వంటి క్రిమి. దానిని ఒకరి నుంచి మరొకరికి చేర్చేది క్యూలెక్స్ జాతి దోమ. ఈ దోమ పారే కాలువలో గుడ్లు పెట్టదు. మురికి నిలిచిన చోటు, మూత లేని మురుగు గుంట, పూడిపోయిన డ్రైను, సెప్టిక్ ట్యాంకు దీనికి అనుకూలం. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ద్వారా ఆర్థర్ కాటన్ ఈ నేలకు సాగునీరు తెచ్చాడు, సార్వా దాళ్వా రెండు పంటలకూ నీరు అందింది, ఊళ్లు పెరిగాయి, పట్టణాలు పెరిగాయి. అయితే ఇళ్ల వాడకం నీరు బయటికి పోయే దారి అంత శ్రద్ధగా ఏర్పడలేదు. వాలు చాలా తక్కువగా ఉన్న డెల్టా నేలలో ఆ నీరు తనంతట తాను పోదు. ఇళ్ల మధ్య నిలిచిన ఆ మురుగే క్యూలెక్స్ దోమకు పుట్టినిల్లయింది.

పెరిగిన క్రిములు మనిషి శరీరంలో లింఫు నాళాలలో కాపురం పెడతాయి. రక్తనాళాల నుంచి కండరాలలోకి, చర్మం కిందికి ఊరిన ద్రవాన్ని పోగుచేసి తిరిగి రక్తంలో కలిపే సన్నని నాళాలకు లింఫు నాళాలని పేరు. డెల్టాలో సాగునీటి కాలువకు డ్రైను ఎటువంటిదో శరీరంలో రక్తనాళానికి లింఫు నాళం అటువంటిది. క్రిములు ఆరు నుంచి ఎనిమిదేళ్ల వరకు అక్కడ జీవించి లక్షలాది సూక్ష్మక్రిములను కంటూ ఉంటే ఆ నాళాలు ఉబ్బి, సత్తువ కోల్పోయి, ద్రవాన్ని పైకి పంపలేని స్థితికి వస్తాయి. అప్పుడు ద్రవం పాదంలో, పిక్కలో, పురుషులలో వృషణాల చుట్టూ నిలిచిపోతుంది. క్రిమి సాధారణంగా చిన్నతనంలోనే ప్రవేశించినా వాపు పైకి తెలిసేది యౌవనంలోనో నడివయసులోనో కాబట్టి, జబ్బు ఎప్పుడు పట్టిందో రోగికి ఎన్నటికీ తెలియదు. ఒకే ఇంట్లో అమ్మమ్మకు, తల్లికి, కూతురికి కనిపించినప్పుడు ఇది వంశపారంపర్యమని జనం అనుకోవడం సహజం. నిజానికి వారికి వారసత్వంగా వచ్చింది అదే పెరడు, అదే మురుగు, అవే దోమలు.

రాత్రి రక్తపూతలు, పగటి మాత్రలు

1955లో భారత ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. తరువాతి కాలంలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రంగా పేరు మారిన సంస్థకు అనుబంధంగా ఫైలేరియా శిక్షణకూ పరిశోధనకూ దేశంలో ఏర్పడిన కొద్ది కేంద్రాలలో రాజమండ్రి ఒకటి. కోళిక్కోడ్, వారణాసి మిగిలినవి. ఈ గౌరవం రాజమండ్రికి దక్కడానికి కారణం చుట్టుపక్కల జబ్బు విస్తృతంగా ఉండడమే అన్నది మరువరాదు.

బాంక్రాఫ్టీ సూక్ష్మక్రిములు పగలు ఊపిరితిత్తుల లోతైన నాళాలలో దాగి ఉండి, దోమ కుట్టే వేళకు, ముఖ్యంగా రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య, చర్మానికి దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందువల్ల పరీక్ష రాత్రిపూటనే జరగాలి. ఫైలేరియా యూనిట్ సిబ్బంది వీధి వీధికీ తిరిగి, నిద్రపోతున్నవారిని లేపి, వేలికొన మీద సూది గుచ్చి, రక్తపు చుక్కలను గాజుపలక మీద పూసి ఆరబెట్టి, ప్రయోగశాలకు చేర్చే ఈ పనిని రక్తపూతలు తీయడం అంటారు. రెండు మూడు తరాలుగా డెల్టా పట్టణాలలో ఈ రాత్రి పరీక్షలు జనానికి పరిచితమే. బావులలో గంబూసియా చేపలు వదలడం, మురుగులో నూనె చల్లడం, సెప్టిక్ ట్యాంకు గొట్టానికి జాలీ కట్టించడం ఆ సిబ్బంది చేసిన మరికొన్ని పనులు.

జబ్బు ఉన్నవారిని వెతికి మందిచ్చే పద్ధతితో ప్రసారం ఆగకపోవడం వలన, 1997లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ వ్యాధిని నిర్మూలించాలని తీర్మానించింది. 2004 నుంచి భారతదేశంలో వ్యాధి ఉన్న జిల్లాలన్నింటిలో ఏటా ఒకసారి అందరికీ మాత్రలు మింగించే సామూహిక మందుల పంపిణీ మొదలైంది. రెండేళ్ల లోపు పిల్లలను, గర్భిణులను, తీవ్రంగా జబ్బుపడినవారిని మినహాయించి ఇంటిల్లిపాదికీ డి.ఇ.సి., దానితోపాటు ఆల్బెండజోల్ ఇస్తారు. ఆరోగ్య కార్యకర్త ఎదుటనే మింగాలన్నది నియమం. ఆచరణలో ఆ మాత్రలు గోడ గూటిలో, దేవుడి పటం వెనుక, సరుకుల డబ్బా మూత మీద కాగితపు పొట్లంలోనే ఉండిపోయిన ఇళ్లు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి తనకు లేని జబ్బుకు మందెందుకు మింగాలని అడగడం, నిరుడు మింగినప్పుడు జ్వరమూ తలనొప్పీ వచ్చాయని జంకడం అర్థం లేని భయాలు కావు. రక్తంలోని సూక్ష్మక్రిములు చచ్చేటప్పుడు కలిగే ప్రతిక్రియ అది. జ్వరం వచ్చినవారి రక్తంలో క్రిమి ఉండి ఉండవచ్చుననడానికి అదొక సూచన. ఈ సంగతిని గుమ్మం దగ్గర రెండు నిమిషాలు నిలబడి చెప్పగల తీరిక కార్యకర్తకు ఉన్నప్పుడే మాత్ర కడుపులోకి పోతుంది.

ఈ కార్యక్రమం సాఫల్యాన్ని రక్తపూతలలో సూక్ష్మక్రిములు కనిపించే శాతంతో కొలుస్తారు. అది ఒక శాతం కంటె తగ్గిన తరువాత ఆరేడేళ్ల బడిపిల్లలను పరీక్షించి, కొత్తగా ప్రసారం జరుగుతున్నదీ లేనిదీ నిర్ధారిస్తారు. ప్రసారాన్ని ఆపడానికి ఈ కొలత సరైనదే. చైనా డి.ఇ.సి. కలిపిన ఉప్పును కూడా ఉపయోగించి 2007 నాటికి, శ్రీలంక 2016 నాటికి, బంగ్లాదేశ్ 2023 నాటికి ఈ దారిలోనే గమ్యం చేరాయి. భారతదేశం 2027ను గడువుగా పెట్టుకుంది. అయితే కాలు వాచిన మనిషి ఈ కొలతలో ఎక్కడా కనిపించడు. బోదకాలు ముదిరిన చాలామంది రక్తంలో సూక్ష్మక్రిములు ఉండనే ఉండవు; క్రిమి ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, అది చేసిన నష్టం మాత్రం మిగిలి ఉంటుంది. రక్తపూత లెక్క ప్రకారం ఆ మనిషికి జబ్బు లేదు.

జ్వరం రోజులు

దీర్ఘవ్యాధిని అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్తలు రోగి జీవితంలో మంచి రోజులు, చెడ్డ రోజులు అనే విభజనను ప్రధానంగా గుర్తించారు. అమెరికాకు చెందిన క్యాథీ ఛార్మజ్ 1991లో వెలువరించిన గ్రంథానికి ఆ మాటలే పేరయ్యాయి. బోదకాలుతో జీవించేవారికి ఈ విభజన చాలా స్పష్టమైనది. మామూలు రోజులలో కాలు బరువుగా ఉంటుంది, సాయంత్రానికి మరింత వాస్తుంది, అయినా పని సాగుతుంది. ఇక జ్వరం రోజు ముందస్తు సమాచారం లేకుండా వస్తుంది. గజ్జలో బిళ్ల కడుతుంది, దుప్పట్లు కప్పినా ఆగని వణుకుతో జ్వరం వస్తుంది, కాలు ఎర్రబడి ముట్టుకోనివ్వకుండా సలుపుతుంది; మూడు నాలుగు రోజుల నుంచి వారం వరకు మనిషి మంచం మీద నుంచి లేవలేని స్థితి ఏర్పడుతుంది. జ్వరం తగ్గిన తరువాత వాపు కొంత తీసినా, పూర్వపు పరిమాణానికి పూర్తిగా రాదు. ప్రతి జ్వరమూ కాలును కొంత పెంచి పోతుంది.

ఈ జ్వరాలు అమావాస్యకు, పౌర్ణమికి వస్తాయని తీరప్రాంతాలలో గట్టి నమ్మకం ఉంది. కారణం మరొకటి. వాచిన కాలి చర్మం మడతలు పడి, వేళ్ల సందులు ఎప్పుడూ తడిగా ఉండి, అక్కడ పగుళ్లు ఏర్పడతాయి. ఆ పగుళ్ల గుండా సాధారణ బాక్టీరియా లోపలికి ప్రవేశించి, ద్రవం నిలిచిన కణజాలంలో చెలరేగడమే ఈ జ్వరానికి హేతువు. కనుక జ్వరాల సంఖ్య మనిషి చేసే పని మీద, నిలబడే నేల మీద, కాలికి చెప్పు ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఇక్కడే డెల్టా జీవనం ఈ వ్యాధికి ప్రత్యేకమైన కఠినత్వాన్ని చేకూరుస్తుంది. సార్వా ఊడ్పుల కాలంలో వ్యవసాయ కూలి స్త్రీ తెల్లవారింది మొదలు బురదలో పిక్కల లోతున నిలబడి వంగి నాటాలి. భీమవరం పరిసరాలలోని రొయ్యల షెడ్లలో తడి గచ్చు మీద గంటల తరబడి నిలబడి రొయ్యలు ఒలవాలి. చేపల చెరువు గట్టున, ఇటుక బట్టీలో, చేనేత మగ్గం గుంటలో కాలు వేలాడేసి కూర్చునో నిలబడో పని చేయాలి. వేళ్ల సందులు తడి లేకుండా ఉంచుకొమ్మనే వైద్య సలహాకు, తడిలో నిలబడితేనే కూలి దొరికే బతుకుకు మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని ఏ మాత్రా తీర్చలేదు. ఊడ్పులు సాధారణంగా ముఠాగా, గుత్తకు ఒప్పుకుని చేసే పని కాబట్టి, ఒకరు మంచం పడితే ఆమె వాటా మిగిలినవారు మోయాలి. మొదటిసారి మోస్తారు, రెండోసారి గొణుగుతారు, మూడోసారి ఆమెను పిలవరు. ఆమె పని మానలేదు, పని ఆమెను మానింది. ఆ ఏడాది కూలి లెక్కలో తగ్గిన రోజులు ఏ వైకల్య పట్టికలోనూ నమోదు కావు.

వైకల్యం అంటే శరీరంలో ఎల్లప్పుడూ ఒకే మోతాదులో ఉండే లోటు అని లోకం భావిస్తుంది. చూపు లేకపోవడం, కాలు తెగిపోవడం వంటివి ఆ భావనకు సరిపోతాయి. బోదకాలు, కీళ్లవాతం, సికిల్ సెల్ రక్తహీనత, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం వంటివి హెచ్చుతగ్గులతో నడుస్తాయి. నిన్న బస్సెక్కిన మనిషి నేడు గడప దాటలేకపోవచ్చు. అందువల్ల వీరు రెండు విధాల అనుమానానికి గురవుతారు. బాగున్న రోజున సహాయం అడిగితే నటన అంటారు. బాగులేని రోజున పని మానితే సోమరితనం అంటారు. వైకల్యాన్నీ దీర్ఘవ్యాధినీ వేరువేరు అరలలో పెట్టి చూసే అలవాటు వలన ఈ మధ్యస్థితిలోని మనుషులు రెండు అరలకూ దక్కకుండా పోతున్నారు.

చీర కుచ్చిళ్లు, అంటని చెప్పులు

ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1963లో కళంకం గురించి రాస్తూ, లోటు అందరికీ కనిపించేవారి స్థితికీ, బయటపడుతుందేమోనని అనుక్షణం జాగ్రత్తపడేవారి స్థితికీ భేదం చూపాడు. మొదటివారు ఎదుటివారి చూపును భరించాలి. రెండవవారు సమాచారాన్ని కాపాడుకోవాలి. బోదకాలు ఒకే మనిషిని దశను బట్టి రెండవ స్థితి నుంచి మొదటి స్థితికి చేరుస్తుంది.

వాపు మొదలైన తొలి సంవత్సరాలలో స్త్రీ చీర కుచ్చిళ్లను నేలకు ఆనేలా దించి కడుతుంది, పేరంటంలో కాళ్లు మడిచి వెనక్కు పెట్టి కూర్చుంటుంది, ఎవరైనా అడిగితే నీరు పట్టిందని చెబుతుంది. కాళ్లకు పసుపు రాసే ప్రతి శుభకార్యమూ ఆమెకు పరీక్షే. పెళ్లి సంబంధం కుదిరేవరకు అమ్మాయి కాలు సంగతి ఇంటి నాలుగు గోడల మధ్యనే ఉంటుంది. అందువల్ల వైద్యుడిని కలవడమూ వాయిదా పడుతుంది. జాగ్రత్తలు బాగా పనిచేసే తొలి దశ ఈ దాపరికంలోనే గడిచిపోవడం ఈ వ్యాధి కలిగించే అన్యాయాలలో పెద్దది. పెళ్లైన తరువాత బయటపడితే మోసం చేశారన్న నింద పుట్టింటి మీదికి వస్తుంది. అదే వాపు భర్తకు ఉంటే దానిని కుటుంబం భరించవలసిన కష్టంగా లెక్కిస్తారు. ఈ తేడా వ్యాధి చేసింది కాదు.

పురుషులలో వృషణాల చుట్టూ నీరు చేరడాన్ని వరిబీజం అంటారు, వాడుకలో బుడ్డ అనీ అంటారు. ప్రపంచవ్యాప్తంగా ఈ క్రిమి వలన వరిబీజంతో బాధపడే పురుషుల సంఖ్య రెండున్నర కోట్లనీ, లింఫు వాపుతో బాధపడేవారు కోటీ యాభై లక్షలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే వీధిలో కనిపించే బోదకాళ్ల కంటె కనిపించనివే ఎక్కువ. సైకిల్ తొక్కలేక, కోనసీమలో కొబ్బరి దింపు తీసే కార్మికుడైతే చెట్టెక్కలేక, భార్యకు తప్ప ఎవరికీ చెప్పుకోలేక ఏళ్ల తరబడి పంచె మాటున మోసే ఈ బరువుకు చిన్న శస్త్రచికిత్సతో పరిష్కారం ఉంది, అది ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా జరుగుతుంది. శస్త్రచికిత్స వలన మగతనం పోతుందన్న అపోహ, పొరుగువారికి తెలుస్తుందన్న సిగ్గు, విశ్రాంతి తీసుకునే రోజులలో కూలి పోతుందన్న బెంగ మనిషిని ఆసుపత్రి మెట్లెక్కనివ్వవు.

కాలు ముదిరిన తరువాత దాచడానికి ఏమీ ఉండదు. అప్పటి నుంచి సమస్య వస్తువులది. బజారులో ఏ కొలత చెప్పూ ఆ పాదానికి అంటదు. పట్టీ తెగ్గోసిన హవాయి చెప్పునో, చెప్పులు కుట్టే మనిషి చేత ప్రత్యేకంగా వేయించుకున్న వెడల్పు జోడునో వాడాలి, లేకుంటే ఉత్తికాలితో నడవాలి. పల్లె వెలుగు బస్సు మెట్టు ఎత్తు, షేరు ఆటోలో కాలు పెట్టే చోటు, గుడి ముందు చెప్పులు విడవవలసిన దూరం, రేషను దుకాణం ముందు నిలబడే వరుస, ఇవన్నీ ఆ మనిషి దినచర్యను నిర్ణయిస్తాయి. శరీరంలోని లోటుకంటె దానిని లెక్కలోకి తీసుకోకుండా కట్టిన లోకమే మనిషిని వికలాంగుడిని చేస్తుందనే ఆలోచనకు వైకల్య అధ్యయనంలో సాంఘిక నమూనా అని పేరు. 1970ల బ్రిటన్‌లో వికలాంగుల ఉద్యమం దానిని రూపొందించింది. బోదకాలు విషయంలో ఈ నమూనా చాలావరకు సరిపోతుంది గాని పూర్తిగా సరిపోదు. మెట్లు తగ్గించి, చెప్పు కుట్టించి, చూపులను మార్చగలిగినా జ్వరం నొప్పి శరీరంలోనే ఉంటుంది. రెండింటినీ కలిపి చూసే దృష్టి ఈ వ్యాధికి అవసరం.

కాలు కడగడం అనే చికిత్స

1990లలో బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో జెరూసా డ్రాయర్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు చేసిన కృషి బోదకాలు చికిత్సలో మలుపు తెచ్చింది. సబ్బుతో, శుభ్రమైన నీటితో రోజూ కాలు కడిగి ఆరబెట్టుకుంటే జ్వరాలు బాగా తగ్గుతాయనీ, జ్వరాలు తగ్గితే వాపు పెరగడం ఆగుతుందనీ వారు నిరూపించారు. ఖరీదైన యంత్రాలతో పనిలేని ఈ పద్ధతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వీకరించింది.

వినడానికి సులభంగా తోచే ఈ పనిని దగ్గరగా చూడాలి. పీట మీద కూర్చుని, కాలును బేసిను అంచున ఆనించి, మోకాలి నుంచి కిందికి మెల్లగా నీళ్లు పోయాలి, వేడినీళ్లు పనికిరావు. అరచేతిలో సబ్బు నురుగు చేసి ప్రతి మడతను విప్పి లోపల రాయాలి. గట్టిగా రుద్దితే చర్మం చిట్లుతుంది, చిట్లితే అదే జ్వరానికి తలుపు. నీరు తేటగా వచ్చేవరకు కడిగిన తరువాత మెత్తని పాతచీర పీలికను వేళ్ల సందులలోకి, మడతలలోకి దూర్చి తడి అద్దాలి. ఒరుపులు ఉన్నచోట మందు పూయాలి. తరువాత మడమను పైకీ కిందికీ ఆడించాలి. రాత్రి పడుకునేటప్పుడు మంచానికి కాళ్లవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి. ఇదంతా రోజూ జరగాలి, బతికినంతకాలం జరగాలి.

నడుము వంగని వయసులో, కాలు ఎత్తలేని బరువులో ఈ పని తనంతట తాను చేసుకోవడం సాధ్యం కాదు. కోడలో, కూతురో, భార్యో కడుగుతారు. మగవారి కాలు ఇంటి ఆడవారు కడగడం చూస్తాం. ఆడవారి కాలు మగవారు కడిగే ఇళ్లు తక్కువ కాబట్టి, వృద్ధ స్త్రీ కాలు చాలా ఇళ్లలో సరిగా శుభ్రపడదు. వేసవిలో కుళాయి నీరు రోజు విడిచి రోజు వచ్చే వాడలో కాలు కడిగే నీటికీ వంట నీటికీ పోటీ ఏర్పడుతుంది. ఒక బేసిను, మగ్గు, తువ్వాలు, సబ్బు, పూతమందు కలిపి ప్రభుత్వం రోగులకు ఇచ్చే సంచి ఈ పనికి అవసరమైన సామగ్రినే అందిస్తుంది. అది ఒకసారి ఇస్తే చాలదు, సబ్బు నెలకు ఒకటి అరిగిపోతుంది. ఎలా కడగాలో చేసి చూపడం కూడా ఒక్కసారితో తీరేది కాదు.

చట్టం ఏ కాలును చూస్తున్నది

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించిన ఫలితంగా వచ్చిన 2016 నాటి చట్టం ఆ సంఖ్యను ఇరవై ఒకటికి పెంచింది. సికిల్ సెల్, తలసేమియా, హిమోఫిలియా వంటి దీర్ఘవ్యాధులకు అందులో చోటు దక్కింది. దీర్ఘకాలిక లోటు సమాజంలోని అడ్డంకులతో కలిసి మనిషి సమాన భాగస్వామ్యాన్ని ఆటంకపరిచినప్పుడు అది వైకల్యం అని ఆ చట్టం ఇచ్చిన నిర్వచనం బోదకాలుకు అక్షరాలా వర్తిస్తుంది. అయినా జాబితాలో బోదకాలు పేరు లేదు. చలన వైకల్యం కింద ఇమిడితే ఇమడాలి. ఇమిడినా 40 శాతం లోటు తేలితేనే ప్రధాన ప్రయోజనాలు అందుతాయి. వైకల్య నిర్ధారణ శిబిరంలో వైద్యుడు కొలిచేది ఆ రోజు కీలు ఎంత వంగుతున్నది, కండరానికి ఎంత బలం ఉన్నది అన్న విషయాలను. జ్వరం రోజున ఎవరూ శిబిరానికి రాలేరు కాబట్టి, జ్వరం రోజులు శాతంలోకి చేరవు.

తెలంగాణ రాష్ట్రం 2018లో బోదకాలు బాధితులను ఆసరా పింఛను పరిధిలోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి అమలవుతున్న ఎన్టీఆర్ భరోసా పథకంలో రెండు కాళ్లకూ నాలుగో దశ బోదకాలు ఉన్నవారికి నెలకు 10,000 రూపాయలు ఇస్తున్నారు. ఇది గణనీయమైన మొత్తం, ఆహ్వానించవలసిన చర్య. అయితే రెండు కాళ్లు, నాలుగో దశ అనే నిబంధన అర్థాన్ని ఆలోచించాలి. ఒక కాలు మాత్రమే వాచినవారు, రెండవ మూడవ దశలలో ఏటా పలుమార్లు జ్వరంతో కూలి కోల్పోయేవారు, అంటే పని చేయగల వయసులో ఉండి, కాస్త ఆసరా దొరికితే జబ్బును ముదరనివ్వకుండా నిలుపుకోగలిగినవారు ఈ ప్రత్యేక పింఛనుకు అర్హులు కారు. జబ్బు పూర్తిగా ముదిరిన తరువాత పెద్ద మొత్తం ఇచ్చి, ముదరకుండా ఆపగల దశలో ఏమీ ఇవ్వకపోవడం రోగికీ ఖజానాకూ మేలు చేసే పద్ధతి కాదు.

2022 ఏప్రిల్‌లో ఉమ్మడి గోదావరి జిల్లాలు ప్రధానంగా కాకినాడ, కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలుగా పునర్వ్యవస్థీకరణ పొందాయి. ఈ జిల్లాలలో ఊళ్లకూ వార్డులకూ సచివాలయాలు ఉన్నాయి, ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఒక ఊళ్లో ఎవరెవరికి కాలు వాచిందో ఆశా కార్యకర్తకు తెలియనిది కాదు. ఆ జాబితాలో పేరు పక్కన దశతోపాటు గడిచిన ఏడాదిలో వచ్చిన జ్వరాల సంఖ్య, పోయిన పనిదినాలు కూడా రాసే ఒక గడి చేర్చితే, వైకల్య నిర్ణయానికి ఇప్పుడు లేని ఆధారం దొరుకుతుంది. దానికి కొత్త యంత్రాంగం అవసరం లేదు.

నిర్మూలన జరిగిందని ఏ దేశానికైనా ధ్రువీకరణ ఇచ్చే ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు విషయాలు అడుగుతుంది: ప్రసారం ఆగిందా అన్నది ఒకటి, ఇప్పటికే జబ్బుపడినవారికి సంరక్షణ అందుబాటులో ఉందా అన్నది రెండవది. రెండవ ప్రశ్నకు సమాధానం లేకుండా మొదటి దానికి ఉత్సవం చేయడం సరికాదు. డెల్టాలో చివరి సూక్ష్మక్రిమి మాయమైన తరువాత కూడా, నేడు ముప్పై ఏళ్లున్న రోగి మరో నాలుగు దశాబ్దాలు ఆ కాలితోనే నడవాలి. ఆ నాలుగు దశాబ్దాల బాధ్యత ఎవరిదో ఇప్పుడే తేల్చాలి.

అందుచేత గోదావరి జిల్లాల ప్రభుత్వ యంత్రాంగానికీ, వైద్యులకూ, ప్రజలకూ ఈ స్మారక సందర్భంలో చేయవలసిన విన్నపాలు నాలుగు. పింఛను అర్హతను ఒక కాలుకూ, తొలి దశలకూ విస్తరించాలి. సబ్బు, పూతమందు, వెడల్పు చెప్పులు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడవునా దొరకాలి. వరిబీజం ఉన్న ప్రతి పురుషుడికీ గోప్యంగా, విశ్రాంతి రోజుల కూలి భృతితో శస్త్రచికిత్స చేయించాలి. ఇంటింటా మాత్ర వచ్చిన రోజున జబ్బు లేనివారు కూడా దానిని మింగాలి, ఇంట్లో జబ్బు ఉన్న మనిషి కాలును మగవారు కూడా కడగాలి. మాత్రను కనిపెట్టిన బృందానికి నాయకత్వం వహించిన మనిషి ఈ నేల బిడ్డ. ఆ మాత్ర చేయలేని పనిని పూర్తిచేయడం ఈ నేల ప్రజల బాధ్యత.